బోర్డు మీద లేని వల

మార్చి 14, గురువారం

చిరంజీవి చెల్లికి అక్క దీవించి రాసేది.

అలవాటు కొద్దీ ‘సౌభాగ్యవతి’ అని కూడా రాసి, ఆ కాగితం చించేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఇక్కడ మేము క్షేమం. క్షేమం అంటే వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. మీ బావ రెండు పూటలా టీ అడుగుతున్నారు, నేను పెడుతున్నాను. నీకు ఏడుపు రావడం లేదని రాశావు. నాకూ రావడం లేదే. నిన్న కత్తెరతో వేలు కోసుకుంటే, రక్తం చూశాక గానీ తెలియలేదు.

మరిది నిన్ను ఒంటరిని చేసి పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. షెడ్డులో పని మళ్ళీ మొదలైంది. సముద్రంలో రాళ్ళదిబ్బల మీద నుంచి మన జాలర్ల సంఘం వాళ్ళు తీసిన తెగిన వలలు గుట్టగా పడి ఉన్నాయి. వలని తేల్చే బెండ్లు ఒక తొట్టిలో, ముంచే సీసపు గుళ్ళు ఇంకో తొట్టిలో, తాళ్ళు ఓ మూలకి. వలలో చచ్చిన పీతల్ని దులిపి, ముక్కలు కోసి సంచుల్లో కుక్కుతున్నాం. మునుపు అందరం వాగుడుకాయలమే కదా, ఇప్పుడు కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ నవ్వకపోతే తన టీ బాగోలేదనుకుంటానని టీ కొట్టామె పోట్లాడింది. ఒకరిద్దరు నవ్వారు. మరిది కాళ్ళకి తొడుక్కునే ఈత రెక్కలు మేకుకి అలాగే వేలాడుతున్నాయి.

మన కట్టుబాటు నీకు తెలుసు. ఎవరి వల తెగి సముద్రంలో ఉండిపోయినా చోటు చెప్పాలి, అదే రోజు నేను బోర్డు మీద రాయాలి, చెప్పినవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనకూడదు. బోర్డు మీద ఉన్న చోట ఇద్దరు దిగాలి. లేనిచోట, రాళ్ళ దగ్గర ఎన్ని చేపలు చేరాయో లెక్కపెట్టడానికి ఒక్కడు చాలు. ఆ రోజు మరిది దిగిన చోటు బోర్డు మీద లేదు. అయినా అక్కడ వల ఉంది, అందులోనే చిక్కుకుని పోయాడు. అది కనబడ్డాక పైకి రాకుండా, గొప్పకి పోయి ఒక్కడే విప్పబోయాడని అందరూ అంటున్నారు. రేపు సాయంత్రం కమిటీ కూర్చుని, అతని నిర్లక్ష్యమేనని రిజిస్టరులో రాసేస్తుంది. అధ్యక్షులు మీ బావే కాబట్టి మొదటి సంతకం ఆయనది.

నువ్వూ అదే నమ్మావు. నీకన్నా అతనికి సాహసమే ఎక్కువైందని, ఫోటో పెట్టె అడుగున పడేశానని రాశావు. అది చదివి, మడతపెట్టి, వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. గొప్పలకి పోయే మనిషి కాదే అతను. రోడ్డు దాటడానికి పది నిమిషాలు అటూ ఇటూ చూసేవాడని మనం ఎన్నిసార్లు ఏడిపించలేదు?

ఒంట్లో ఎలా ఉందో రాయి. వేళకి తిను.

ఉంటాను,
నీ అక్క

తా.క.: ఇది మొదటే రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఆ వల మాదే. అంతకు మూడు రోజుల ముందు రాళ్ళకి చిక్కుకుంటే మీ బావ కోసేసి వచ్చారు. కట్టుబాటు పెట్టించిందే తను, తన వలే బోర్డెక్కితే తల ఎక్కడ పెట్టుకోవాలన్నారు. ఆదివారం వెళ్ళి తనే తీసేస్తానన్నారు. నేను సుద్దముక్క కింద పెట్టేశాను. ఆదివారం రాకముందే మరిది దిగాడు. ఆ రోజు నీళ్ళు మసకగా ఉన్నాయి, వల కనబడే ఉండదు.

అది వేరే ఎవరిదో అయి ఉంటుందని ఇన్నాళ్ళూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. అతనితో పాటు పైకి తీసిన ఆ వల నిన్న గుట్టలోంచి నా చేతికే వచ్చింది. నాది ఎడమచేతి వాటం కదా, వల అల్లేటప్పుడు నా ముడి అందరిలా కాక తిరగబడి పడుతుందని చిన్నప్పుడు వెక్కిరించేదానివి. ముడులన్నీ అవే. వేలు కోసుకున్నది అప్పుడే.

పొద్దున ఆ పాత తేదీ వేసి, చోటు, వల మాదేనన్న సంగతి బోర్డు మీద రాశాను. ఇప్పటికి మీ బావ ఒక్కరే చూశారు. చెరపలేదు. రేపు కమిటీలో నోటితో కూడా చెబుతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఫోటో మాత్రం బయటికి తియ్యవే. అతను సాహసానికి పోలేదు. నేను రాసే బోర్డు చూసుకునే దిగాడు.