బావ జేబులో మల్లె తైలం

అమ్మా, నేను బాగానే ఉన్నాను గానీ గుండె గుబగుబలాడుతోంది. పొద్దున లాబుకి నన్ను చూడ్డానికొచ్చిన బావ, నా బల్ల మీది సీసాను తలనూనె అనుకుని అక్కడ మీ దగ్గరున్న అక్క చంటిపిల్ల కోసం జేబులో వేసుకెళ్ళాడట. మా లాబు ఆయా ఇప్పుడే చెప్పింది. మీ ఎదురింటి ఫోను ఎవరూ ఎత్తడం లేదు. ఈ కార్డు కంటే ముందే బావ మీ ఇంట్లో దిగుతాడు.

అది పరీక్షకొచ్చిన చిక్కటి మల్లె తైలం. బెంజైల్ ఎసిటేట్, లినలూల్ అనే రసాయనాలు దాని పరిమళానికి మూలం. చుక్క పడ్డచోట గాజుపళ్ళెంలో క్రిములు చచ్చాయి. అదే చుక్క మా లాబు మేడం మణికట్టు మీద పడితే కందిపోయి దద్దుర్లు తేలాయి. “నా మొద్దు చర్మానికే ఇలా ఉందే!” అందావిడ. చంటిదాని మాడు గుర్తొచ్చి వెంటనే ఈ కార్డు రాస్తున్నాను.

రాసుంటే సబ్బుతో కడిగి డాక్టరుకి చూపించండి. నాన్న దగ్గు తగ్గిందా? నా శాలువా పంపు.

ఆ తైలంలో ఇండోల్ అని ఒకటుంది. పలచనైతే పూలవాసన, చిక్కగా ఉంటే పెంట కంపు. నీ ముక్కు పసిగడుతుంది. కానీ అల్లుడు తెచ్చాడని మొహమాటపడి రాసేస్తావేమోనని భయం. నాన్నకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. “రాయనివ్వకుండా బావను కసిరాను” అని ఒక్క ముక్క రాయమ్మా, బతికిపోతాను.