కిటికీలో టమోటా

నేను నిమ్మనపల్లెకు పోతున్నా, సాయంత్రం వస్తా. మూడింటికి హంసికను బడి నుంచి మీరే తీసుకురండి.

కిటికీలో ఉన్న టమోటాను ముట్టుకోవద్దు. అది రోజూ ఎట్లా కుళ్లుతుందో చూసి బొమ్మ గీయడం పాప ప్రాజెక్టు. మొన్న మీరు మండీలో సరుకు ఏరే మాదిరే మెత్తని కాయను తీసి పారేసి గట్టికాయ పెట్టారు. పాప దాని బొమ్మ గీసి, "మా నాయన దీన్ని బాగు సేసినాడు మేడం" అని చెప్పిందంట. మేడం నాకు ఫోన్ చేసింది. మీకు చేసుంటే బాగుండేది.

ఇంకోటి. పాప పెంచుకునే కోడిపిల్ల పొద్దున చచ్చిపోయింది. పాప ఏడవలేదు. దాన్ని అట్టపెట్టెలో పెట్టి మీ కుర్చీ మీద ఉంచింది. "నాయన బాగు సేస్తాడులేమ్మా" అని నాకే ధైర్యం చెప్పి బడికి పోయింది.

పాపకు మీరే చెప్పండి. సంతలో ఇంకో కోడిపిల్లను కొనుక్కొని రావద్దు.