గోడ వారన జామ

అక్కా,

నువ్విచ్చిన జామ అంటు చిగురేసింది, ఇక బెంగపడకు. మీ మరిదిగారు మాత్రం ఇంకా నాతో ముభావంగానే ఉన్నారు. తప్పు నాది కాదు, ఆయన మెచ్చుకోలుది.

పెరటి మధ్యలో గుంత తవ్వుతుంటే వచ్చి, "మంచి పని చేశావ్. గోడ పక్కన నాటితే సగం కాయలు పక్కింటివాళ్ల పాలయ్యేవి" అన్నారు. ఆ మాటకి నా చేతిలో గునపం ఆగిపోయింది.

చిన్నప్పుడు మన తోటంటే ఏముందక్కా? పక్కింటి మామ్మ జామచెట్టు మన గోడ మీదుగా వాల్చిన రెండు కొమ్మలేగా! "కాయలు తింటే తిన్నారు, రాలిన ఆకులు మీరే ఊడ్చుకోండి" అని కసిరేది. ఆ కొమ్మలే మన మీద ఇష్టంతో ఇటు వంగాయనుకునేవాళ్లం. అంత పెద్ద పెరడు పెట్టుకుని ఆవిడ గోడ వారనే ఎందుకు నాటిందో ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు.

తవ్విన గుంత పూడ్చేసి, గోడ వారన ఇంకోటి తవ్వాను.

చెత్తబుట్ట దగ్గర మాటామాటా అనుకున్నాక, మా పక్కింటావిడ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. తిప్పుకోనీ. కాయలు రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, ఆకులు ముందే రాలతాయి. తిట్టడానికైనా నోరు విప్పకపోతుందా?

నీ చెల్లి