ఒక్క షేరు

నాన్నకు, కలకత్తా నుంచి నీ సరోజ దండాలు. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. నీ దగ్గు ఎలా ఉంది? అమ్మ మోకాళ్లు? ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. నేనుండే సంత్రాగాఛి నుంచి పేపరు ఆఫీసుకి చెప్పులు చేతపట్టుకునే వెళ్తున్నాను. కూరల్లో ఆవనూనె ఇంకా గొంతు దిగడం లేదు. ఎవరైనా ఇటొస్తే ఊరగాయ పంపు. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. మన జూట్ మిల్లు సేటుని చూశాను, నాన్నా.

యూనియన్ కార్యదర్శివి నువ్వే సమ్మె చేయించి మిల్లు మూయించావని ఊరంతా అంది. నేను మరిచిపోలేదు. టీ కొట్టు దగ్గర గవరయ్య మాస్టారు, “ఏటి కార్యదర్శీ, మా తమ్ముడి కూడు తీసేసినావు, ఇప్పుడు సల్లగున్నావా?” అంటే, నువ్వు టీ వదిలేసి లేచొచ్చేశావు.

కంపెనీ వార్షిక సమావేశంలో నాలాంటి విలేకరులు రాసుకోవాలే తప్ప ప్రశ్నలు అడగకూడదు. వాటాదారులు అడగొచ్చు. అందుకే మొదటి జీతంతో ఆయన కంపెనీలో ఒక్క షేరు కొన్నాను.

మొన్న ఆ సమావేశం. హాలు నిండా ముసలివాళ్లు. సగంమంది గుమ్మం దగ్గర పంచే సందేశ్ మిఠాయి, శింగారా అనే ఇక్కడి సమోసా ఉన్న ప్యాకెట్ కోసమే వస్తారు. నష్టాల్లో ఉన్న ఆంధ్రా మిల్లును తాను సమయానికి మూసేయబట్టే ఈసారి డివిడెండు వచ్చిందని సేటు గొప్పగా చెప్పుకున్నాడు. చప్పట్లు ఆగాక లేచాను.

“సమ్మె వల్ల మూసేశామని గేటుకు నోటీసు అంటించారు కదండీ?”

“సమ్మె ఏమీ లేదు మేడం. నిర్ణయం పూర్తిగా నాదే.”

“ఇంకోసారి చెప్తారా? రాసుకోవాలి.”

అప్పటికి గాని ఆయన నవ్వు ఆగలేదు. పక్కనున్న ముసలాయన, “కూర్చో దీదీ, ప్యాకెట్లు అయిపోతాయి” అని నా కొంగు లాగాడు. నా ప్యాకెట్ కూడా ఆయనకే ఇచ్చేశాను. ఆ సేటు ఉప్పు నేను తినను.

“షేరున్న కంపెనీ మీద వార్త రాస్తావా? ఆ మాత్రం తెలీదా?” అన్నారు మా ఎడిటర్ దాదా. తెలుసు. అందుకే వార్త ఇంకొకరు రాశారు, నా పేరు లేదు. నన్ను తేయాకు వేలం ధరలు రాసుకోమని మూల కూర్చోబెట్టారు. షేరు అమ్మేయమన్నారు. అమ్మలేదు. అది ఉన్నన్నాళ్లూ ఏటా ఆ సమావేశానికి సేటు నన్ను పిలవక తప్పదు.

సేటు మాటలు అచ్చయిన పేపరు ముక్క ఈ ఉత్తరంతో పెడుతున్నాను. దాచుకోకు. టీ కొట్టుకి పట్టుకెళ్లి గవరయ్య మాస్టారి చేతికియ్యి. ఇంగ్లీషు మాస్టారే కదా, అందరికీ వినపడేలా చదివి తెలుగులో చెప్పమను. నువ్వేం మాట్లాడకు. టీ పూర్తిగా తాగి రా.

అమ్మకు, మామ్మకు దండాలు. నేను ఆరోగ్యంగా ఉండాలని దీవించు. నా కోపం తగ్గాలని మాత్రం దీవించకు; ఏడాదికోసారి దానితో పనుంది.

నీ కూతురు,
సరోజ