అన్నయ్య బొటనవేలి ముద్ర

వదినా,

ఒక పనికి నీ అనుమతి కావాలి.

అన్నయ్య ఆఫ్రికా నుంచి తెచ్చిన గడ్డికంకి మా ఆఫీసు ఎండుమొక్కల బీరువాలో ఇప్పటికీ ఉంది. తలుపు తీస్తే అదే కలరా ఉండల వాసన. ఆ కంకికి పట్టిన కాటుక తెగులు మళ్లీ ఎవరికీ దొరకలేదట. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, కంకికి మసి పట్టిందనుకుని కుంచెతో నేనే శుభ్రంగా దులిపేశాను. ఆ మసే తెగులు! అన్నయ్య తల పట్టుకుని, ఆనక పగలబడి నవ్వాడు. "పోనీలే, నీ చేతికి శుభ్రం ఎక్కువ" అన్నాడు. పైవాళ్లకి మాత్రం తప్పు తనదేనని రాసిచ్చాడు. ప్రమోషన్ ఆగిందని నువ్వు నెలరోజులు సాధించినా ఇద్దరం నోరు మెదపలేదు.

ఇప్పుడొక పరిశోధకురాలు ఆ తెగులు పొడి కోసం వచ్చింది. అది మిగిలింది ఒక్కచోటే. కంకి కుట్టిన అట్ట మీద చీటీ అంటిస్తూ అన్నయ్య వేసిన నల్లటి బొటనవేలి ముద్రలో. "అన్నయ్య లేడు, మా వదినని అడగాలమ్మా" అన్నాను. సగం ముద్ర గీకితే చాలట.

నువ్వొకసారి వచ్చి కళ్లారా చూసుకో. సరేననిపిస్తే నువ్వే గీకి ఇవ్వు. నా చేతికి శుభ్రం ఎక్కువ.

నీ ఆడపడుచు