ఒక జత ఇరుసులు

నందవరం,
3-8-1981, సోమవారం.

చిరంజీవి అల్లుడు సిద్ధప్పకు, మామ మార్కండేయులు ఇంకొకరి చేత రాయించకుండా తానే రాసుకున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అత్త సుంకులమ్మ, మా రెండు మగ్గాలు, అందరం బాగున్నాము. హొళగుందలో నువ్వు, మా శారద బాగుండాలని దేవునికి రోజూ చెప్పుకుంటున్నాము. మర్యాద మాటలు అయిపోయినాయి. ఇక కడుపులో ఉండే మాట చెప్తాను.

నాలుగేండ్లుగా ఆ మాట నాకు గొంతులో ముల్లు మాదిరి ఉంది. మీ పెండ్లినాడు మా ఊరి రేగడిలో నీ జీపు వెనక ఇరుసు తెగింది. చక్రం ఊడి జొన్నచేలోకి దొర్లిపోయింది. పెండ్లికొడుకువు ఎద్దులబండిలో వచ్చి దిగినావు. అందులో తప్పేమీ లేదు, ఇనుము అన్నాక విరుగుతుంది. కానీ పందిట్లో పెద్దమనుషుల ముందర నువ్వేమన్నావు? మామా, మీ ఊరికి దారి యాడుండాది, ఉండేదంతా బురదే కదా, ఇట్లాంటి ఊర్లో పిల్లనెట్ల సాకినావప్పా అన్నావు. అందరూ నవ్వినారు. మా బావమరిది నోట్లో తాంబూలం పెట్టుకొని మరీ నవ్వినాడు, అతని అంగీ అంతా ఎర్రగా అయింది. అదే దారిలో ఆ పొద్దు తెల్లవారే నా మిలిటరీ జీపు వంటపాత్రలను, బియ్యం మూటలను, మీ అత్త తరపు ముసలమ్మలందరినీ మోసుకొని వచ్చింది. చెడ్డది దారో, నీ ఇరుసో అప్పుడే చెప్పేవాణ్ణి. కాళ్ళు కడిగి ఇంకా తడి ఆరలేదు, అల్లునితో వాదమేందయ్యా అని మీ అత్త నా పై కండువా పట్టి లాగింది. నోరు మూసుకున్నాను. అది నాకెంత కష్టమైన పనో నీకు తెలుసు.

సరే. మొన్న శారద ఉత్తరం వచ్చింది. మీ అత్త చదివి వినిపించింది. ఏడో నెల దగ్గరికి వచ్చిందని, పుల్లటి చింతకాయ తప్ప ఏదీ నోటికి పోవడం లేదని రాసింది. మీ అత్త ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివి, పక్కింటి హులిగెమ్మకు కూడా చదివి వచ్చింది. ఆ తర్వాత నీ జీపు సంగతి. దేవరగట్టు కాడ వంకలో మళ్ళీ వెనక ఇరుసు లోపలి షాఫ్టు తెగిందట. నువ్వు ఆదోనిలో పాత ఇనుము అమ్మే గుజిరి అంగట్లో ఏదో పెద్ద బండి వెనక ఇరుసు ఏరుకొని తెచ్చి బిగించినావట. అప్పటినుంచి ముందు చక్రాలను కూడా తిప్పే ఆ ముందు గేరు వేస్తే బండి మూలుగుతోందట. అందుకని నువ్వు ముందు గేరు వేయడమే మానేసినావట. మా ఆయన ఏమంటాడో తెలుసా నాయనా, వెనకది ఏనుగు కాలు మాదిరి ఉండాది, ఇంక ముందుదాంతో పనేముండాదే అంటాడు అని రాసింది. దానికి అది నవ్వులాట. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

సిద్ధప్పా, అది మూలుగు కాదు, కొట్లాట. ముందు ఇరుసులో గేరు పళ్ళ లెక్క ఒకటి, నువ్వు తెచ్చిన దాంట్లో ఇంకొకటి. ముందు చక్రాలు ఒక వేగంతో పోదామంటాయి, వెనకవి ఇంకో వేగంతో పోదామంటాయి. ఒక మగ్గం గుంటలో ఇద్దరు కూర్చొని చెరొక తీరుగా తొక్కితే గుడ్డ ఏమవుతుంది? అట్లే నీ గేరుపెట్టె కూడా ఒకనాడు నడిదారిలో చీలిపోతుంది. ఇంకొకటి. ఆ పెద్ద ఇరుసు నడుమ ఉండే గుండు గుమ్మడికాయంత ఉంటుంది. వానకు రేగడిలో బండిగాడి లోతు పడితే, నేలకు మొదట తగిలేది ఆ గుండే. నీ బండి పొట్ట మీద కూర్చుంటుంది, చక్రాలు ఊరికే తిరుగుతుంటాయి. లావుగా ఉండేదంతా బలం అనుకుంటే ఎట్లప్పా?

అయితే మామా, నా బండికి వచ్చే కంపెనీ షాఫ్టే కొత్తది వేస్తాలే అంటావు. అది మంచి ఉక్కే, కాదనను. కానీ దాంట్లో బరువు మోసేదీ చక్రాన్ని తిప్పేదీ ఒకే షాఫ్టు. అది తెగితే చక్రం కూడా దాని వెంట పోతుంది. పెండ్లినాడు మీవాళ్ళు జొన్నచేలో వెదికింది అట్లా పోయిన చక్రాన్నే. మిలిటరీ ఇరుసులో షాఫ్టు సన్నం, నీలాంటి వయసువాళ్ళకు అది చూస్తే నవ్వొస్తుంది. దాని పని తిప్పడం ఒకటే. బరువంతా బయటి గొట్టం మీద ఉంటుంది. తెగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. తెగిన ముక్కలు బయటికి లాగేసి, ఇంజను కాడి నుంచి వెనక ఇరుసుకు పోయే రాడ్డు విప్పి బండిలో పడేసి, ముందు చక్రాలతో మెల్లగా ఇల్లు చేరవచ్చు.

నేను చేరినాను కాబట్టి చెప్తున్నాను. శారద చిన్నప్పుడు నేను ఎమ్మిగనూరులో నూలు ఎత్తుకొని, పల్లెల్లో నేసేవాళ్ళ ఇండ్లకు జీపులో పంచేవాణ్ణి. ఒకనాడు మీ అత్తకు జ్వరం వచ్చిందని పిల్లను వెంట తీసుకుపోయినాను. తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. వంక ఎక్కేచోట వెనక టక్కుమనింది. దిగి చూస్తే షాఫ్టు తెగింది, చక్రం నిలబడే ఉంది. శారద నూలు మూటల మధ్యన నిద్రపోతోంది. నేను బురదలో పడుకొని పని చేసుకొని, ముందు గేరు వేసుకొని బయలుదేరినాను. ఇంటి ముందర ఎత్తుకొని దించితే కండ్లు నలుపుకుంటా, నాయనా, అప్పుడే వచ్చేసినామా, నేను వంక సూడనే లేదే అని నా మీద అలిగింది. నా ఒళ్ళంతా బురద చూసి, యాడ పొర్లినావు నాయనా, అమ్మ కొడ్తాదిలే అనింది.

నాకు విరగని ఇరుసు ఎవడూ అమ్మడు. విరిగినా నా బిడ్డను నేల మీద పడేయనిది కావాల. దాని కడుపులో ఇప్పుడు ఇంకొకరు కూడా ఉన్నారు.

అందుకని ఒక పని చేసినాను. ఎమ్మిగనూరు గుజిరి అంగట్లో మిలిటరీ ఇరుసులు, ముందుదీ వెనకదీ, ఒకే బండివి కనబడినాయి. నూలు లారీలో ఆదోనికి పంపించినాను. అక్కడ మెకానిక్కు ఓబన్న షెడ్డులో ఉన్నాయి. రెండూ వేయించు. ముందు వెనకది వేస్తాం, ముందుది దీపావళికి చూద్దాం అంటే మళ్ళీ అదే కొట్లాట. ఇరుసును పట్టుకునే యూ బోల్టులు కొత్తవి వేయించు. నూనె సీళ్ళు మార్పించు, లేకపోతే నూనె కారి బ్రేకులు పట్టవు. ఓబన్న మంచివాడే, కానీ ఆకలైతే పని తొందరగా ముగిస్తాడు. ఇంక సాల్లే అన్నా అంటాడు. నువ్వు చాలు అనొద్దు. వాడికి బోండాలు తెప్పించి పక్కనే నిలబడు. బిగించినాక తడి రేగడి చేలోకి దింపి, ముందు గేరు వేసి నడుపు. మూలుగు లేకపోతేనే శారదను ఎక్కించు.

ఇంకొక మాట. తొలికాన్పుకు కూతుర్ని తండ్రి పోయి తోడుకొని రావాలి. మా ఇంట్లోనూ అదే మర్యాద, మీ ఇంట్లోనూ అదే. నేను రాను. మా దారిని ఎగతాళి చేసినవాడే ఆ దారిలో నా కూతుర్ని తెచ్చి, పాదానికి బురద అంటకుండా నా గడప ముందర దించాలి. అప్పటిదాకా నా కోపం పోదు. ఈ వయసులో పంతాలేందయ్యా, ఉండేది ఉన్నట్టు రాసేకి నీకేం రోగం అని మీ అత్త పక్కన కూర్చొని గొణుగుతోంది. గొణగనీ. నేను చెప్పేది చెప్పినాను.

శారదకు చింతకాయ మరీ ఎక్కువ తినొద్దని చెప్పు. మీ అమ్మకు నా దండాలు.

నీ మేలు కోరే కోపిష్టి మామ,
మార్కండేయులు

తా.క. ఇది నీకొక్కడికే. శారదకు చదివి వినిపించేటప్పుడు దీనికి పైనే ఆపేయి.

గుజిరి అంగడి అనేది అబద్ధం. ఆ ఇరుసులు నా జీపువే. నా బండి ఇప్పుడు మగ్గాల కొట్టం వెనక బండరాళ్ళ మీద కూర్చోనుంది, దాని కింద మీ అత్త కోళ్ళు చేరినాయి. నా రెండు కండ్లకూ పొర వచ్చింది. వానలు పోయినాక కోస్తామని డాక్టరు అన్నాడు. పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి వస్తూ, దారి అనుకొని గట్టు ఎక్కించినాను. బండి ఒరిగింది కానీ పడలేదు. నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి సరిపోయింది. పక్కన శారద ఉండుంటే అనుకున్నాను. ఆ రోజే బండి తీయడం మానేసినాను, మొన్న శారద ఉత్తరం విన్నాక ఇరుసులు విప్పేకి స్పానరు పట్టుకున్నాను.

బస్సులో అయినా వచ్చేవాణ్ణే. దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల. అది చూస్తే శారద ఏడుస్తుంది. ఈ నెలల్లో దాన్ని ఏడిపించకూడదు. మామ ఎందుకు రాలేదని ఎవరన్నా అడిగితే కోపం మీద ఉన్నాడని చెప్పు. ఆ పేరు నాకు పాతదే, ఏమీ నామోషీ లేదు. కండ్ల మాట మాత్రం ఎత్తొద్దు.

ఈ శ్రావణంలో వచ్చే నూలి పున్నమి లోగా నీ జవాబు నా చేతిలో పడాలి. రెండు ఇరుసులూ వేసినావా, ఎప్పుడు బయలుదేరుతున్నారు, ఇవి రాయి చాలు. మీ అత్త చేత చదివించుకోను, నేనే చదువుకోవాల. పెద్ద అక్షరాలతో రాయి.