గడ్డ పెరిగింది

మరైగూడలోని అప్పయ్య బావకు, జగదల్‌పూర్ దొర బంగళా నుంచి నీ బామ్మర్ది రాసేది.

నేనిక్కడ దొర బంగారు చేపలకు మేత పెడుతున్నాను. ఈ జాతికి తలమీద గడ్డ ఎంత పెరిగితే అంత అందమట. అందుకని బఠాణీలు ఉడకబెట్టి, తొక్క తీసి, చిదిమి పెడతాను. వారానికొక రోజు పస్తుంచాలట. ఆ విద్య మనకెవరూ నేర్పనక్కర్లేదు.

చేపలను చూడడానికి ప్రతి సోమవారం డాక్టరు వస్తాడు. అక్క మెడగడ్డ ఇంకా పెరిగిందని నువ్వు రాశావు కదా, మొన్న ఆయనతో "గడ్డ బాగ పెరిగింది సాబ్" అన్నాను. "షాబాష్! ఏం తినిపిస్తున్నావ్?" అని భుజం తట్టాడు.

మన ఊరికి డాక్టరు రాడు. వారం ప్రయాణమైనా అక్కను బండిలో తీసుకురా. సోమవారం తొట్టి పక్కన కూర్చోబెడదాం. ఎవరని అడిగితే, చేపల తాలూకు మనిషని చెబుతాను.